ముందు మందు, తర్వాత తగువు



పలాసలో జీడి పిక్కలు కొట్టేవారికి తెలుసు. తొక్కలోని నూనె అంటితే చెయ్యి కాలుతుంది. ఆ మంట ఎవరూ దాచరు. దాచుకునే మంట ఇంకొకటి ఉంది. ఈ రోజు దాని గురించి చెప్పుకుందాం.

ఉద్దానంలో ఒక ఇల్లు అనుకోండి. మగవాడు వలస పని నుంచి వచ్చాడు. ఒంటికి వెళ్తే మంట. లుంగీ మీద చీము మరక. ఇల్లాలు చూసింది.

"ఏటి మావా ఇది?"

"వేడి చేసినాది. కొబ్బరి నీళ్ళు తాగితే తగ్గిపోద్ది."

తగ్గలేదు. కిడ్నీ పోయిందేమోనని భయం పట్టుకుంది. ఎవరికీ చెప్పకుండా నొప్పి బిళ్ళలు కొని మింగాడు.

చీము పడితే అది వేడి కాదు. చాలాసార్లు అది సుఖరోగం. గనేరియా ఒకటి. దాన్నే పెద్దలు సెగరోగం అనేవారు. క్లామిడియా ఇంకొకటి. రోగం ఉన్నవారితో కలిస్తే ఇవి అంటుకుంటాయి. కొందరు మగవారికి మంటా ఉండదు, చీమూ ఉండదు. రోగం మాత్రం ఉంటుంది.

ఉద్దానం కిడ్నీ జబ్బు వేరు. అది అంటురోగం కాదు. మొదట్లో పైకి ఏమీ తెలియదు. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేస్తే తెలుస్తుంది. పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. నొప్పి బిళ్ళలు ఇష్టం వచ్చినట్టు మింగితే కిడ్నీలకే చేటు.

మగవాడి రోగం మనకెందుకు అనుకోవద్దు. ఆడవారికి అంటినా చాలామందికి తెలియదు. లోపల గర్భసంచి, ట్యూబులు పాడవుతాయి. పిల్లలు పుట్టకపోవచ్చు. కడుపుతో ఉంటే, కాన్పులో బిడ్డ కళ్ళకు అంటవచ్చు. హెచ్.ఐ.వి. కూడా సులువుగా సోకుతుంది.

ఆ ఇల్లాలికి కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. అయినా "పద మావా, ఇద్దరం ఎల్దాం" అంది. టెక్కలి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరు ఇద్దరికీ మందు ఇచ్చారు. ఒకరే వాడితే రెండోవారి నుంచి మళ్ళీ అంటుతుంది. మందు వాడాక వారం రోజులు కలవకూడదు. ఆ తర్వాత నిరోధ్ వాడితే కాపుదల.

పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇందుకు సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి. పరీక్ష, మందు ఉచితం. పేరు బయటపెట్టరు. 1097కు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా సలహా చెబుతారు. మగవాడు రానంటే ఆడమనిషి ఒక్కతే వెళ్ళవచ్చు.

మంట ఒకరిది. మందు ఇద్దరికీ.