ఇంగ్లీషు జాతీయములు – వాని అర్థములు



ఒకడు మరియొకనిపై చేయి చేసికొన్నాడని చెప్పినప్పుడు, ఆ చేతిని దేనితో చేసినాడని తెలుగు బిడ్డ యెవరును అడుగరు. కొట్టినాడని వెంటనే తెలియును. చెవిలో ఇల్లు కట్టుకొని పోరుట, నిమ్మకు నీరెత్తినట్లుండుట మొదలగు మాటలకు పదమునకు పదముగా అర్థము చెప్పబూనినవాడు నవ్వులపాలగును. విడివిడి పదముల అర్థములను కూడినంత మాత్రమున చిక్కని భావము గల యిట్టి మాటలకే జాతీయములని పేరు. ఇంగ్లీషునందును ఇట్టివి వేలకొలది కలవు. ఆ భాష నేర్చువారికి వ్యాకరణముకన్న ఇవియే హెచ్చు చిక్కు కలిగించును.

మనవారు కుండపోతగా వాన కురియుచున్నదందురు. ఇంగ్లీషువారు పిల్లులును కుక్కలును కురియుచున్నవందురు. పిల్లులేల, కుక్కలేల యని విచారించి కారణములు కల్పించినవారు పెక్కుమంది గలరు గాని, ఒక్క కారణమును గట్టిగా నిలువలేదు. కొన్నిటి మూలము మాత్రము స్పష్టమే. న్యూకాసిల్ అనునది ఇంగ్లండు ఉత్తరభాగమున టైన్ నది యొడ్డున గల రేవుపట్టణము. శతాబ్దములపాటు అచ్చటినుండి బొగ్గు ఓడలపై లండనునకు పోవుచుండెడిది. కావున న్యూకాసిలునకు బొగ్గు మోసికొనిపోవుట యనగా వృథాప్రయాస యని యర్థము. ఆ ప్రాంతపు గనులు మూతపడినవి, మాట మిగిలినది.

అవ్వకు గ్రుడ్డు పీల్చుట నేర్పుట యని మరియొక మాట కలదు. దీనిని ఉన్నదున్నట్లు తెనిగించిన ఎవరికిని బోధపడదు. తాతకు దగ్గులు నేర్పుట యనిన చాలును. అనువాదకుడు ఇచ్చట గ్రుడ్డును విడిచి దగ్గును పట్టుకొనవలెను.

'కిక్ ది బకెట్' అనగా చనిపోవుట. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ ప్రకటించిన మోటుమాటల నిఘంటువులోనే యిది కలదు. తెలుగువారు దీనిని బాల్చీ తన్నుటగా మార్చుకొని వేళాకోళమునకు వాడుచున్నారు. ఇంగ్లీషులోను అది వేళాకోళపు మాటయే. దానిని సంతాపలేఖలో వ్రాసిన, ఓదార్చబోయి అవమానించినట్లగును. అర్థము తెలిసిన చాలదు, తావు తెలియవలెను.

ఒకే భాష మాటలాడువారికిని ఇట్టి తిప్పలు తప్పలేదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషు, అమెరికను సేనాధికారులు ఒక కాగితమును 'టేబుల్' చేయుటను గూర్చి చాలసేపు వాదులాడిరని చర్చిల్ తన యుద్ధచరిత్రలో వ్రాసినాడు. బ్రిటిషువారి వాడుకలో దాని యర్థము వెంటనే చర్చకు పెట్టుట. అమెరికనుల వాడుకలో ప్రక్కకు పెట్టుట. తీరా చూడ, ఇరుపక్షములవారును కోరినది ఒక్కటే!

గ్రామస్థునకు ఇది వినోదము మాత్రమే కాదు. తంతి సేవ 2013లో నిలిచిపోయినది గాని, అది యున్న కాలమున తండ్రి 'సింకింగ్' అని వార్త వచ్చిన, నిఘంటువు చూచినవాడు తండ్రి నీట మునిగెననుకొనుటకు అవకాశముండెను. ప్రాణము కడగట్టుచున్నదని దాని భావము.

అప్పుపత్రముల సంగతి ఇంతకన్న ముఖ్యము. నలుగురు మిత్రులు కలిసి లక్ష రూపాయల పత్రముపై సంతకము చేసిరనుకొందము. అందు 'జాయింట్లీ అండ్ సెవరల్లీ' అని యుండును. 'సెవరల్' అనగా అనేకులు అని బడిలో నేర్చినవాడు, నలుగురము గదా, తన వంతు ఇరువదియైదు వేలే యని నిశ్చింతగా నిద్రపోవును. కాని యిచ్చట దాని యర్థము వేరు. అందరును కలిసియు, ఎవరికి వారు విడిగాను మొత్తమునకు బాధ్యులని భావము. 1872నాటి భారత కాంట్రాక్టు చట్టము 43వ సెక్షనును అనుసరించి, పత్రములో వేరు షరతు లేనియెడల, కలిసి మాట యిచ్చినవారిలో ఏ ఒక్కనినైనను మొత్తము చెల్లింపుమని అడుగవచ్చును. ముగ్గురు చేతులెత్తిన, నాలుగవవాడే లక్షయు కట్టవలసి వచ్చును. తక్కినవారినుండి వారి వంతులు రాబట్టుకొను హక్కు అతనికి లేకపోలేదు. చేతులెత్తినవానినుండి రాబట్టుట ఎంత పనియో పల్లెలో ఒకరు చెప్పనక్కరలేదు.

కార్యాలయముల ఉత్తరములలో 'ఎట్ యువర్ ఎర్లియెస్ట్ కన్వీనియన్స్' అని వచ్చును. 'మీకు వీలైనప్పుడు' అని తోచును గాని, అది మర్యాదగా త్వరపెట్టుట. కోతలైన పిమ్మట చూచుకొందమని ఆ కాగితమును చూరులో దోపినవాడు గడువు పోగొట్టుకొనవచ్చును. రాజీకి వ్రాసిన ఉత్తరముపై 'వితవుట్ ప్రెజుడిస్' అని యున్నచో, పక్షపాతము లేకుండ వ్రాసినారని సంతోషింపరాదు. ఇందలి మాటలవలన తమ హక్కులకు భంగము లేదనియు, తాము తప్పు ఒప్పుకొన్నట్లు కాదనియు వారి భావము.

జాతీయమును నిఘంటువులో వెదకునపుడు అందలి ముఖ్యపదమును పట్టుకొని, దాని క్రింద మొదటి యర్థముతో ఆగక తుదివరకు చదువవలెను. బాల్చీ తన్నుట 'కిక్' క్రింద లేకున్న 'బకెట్' క్రింద దొరకును. ఫోనులలోని అనువాదయంత్రములు ఒక్కొక్కప్పుడు సరిగానే చెప్పును, ఒక్కొక్కప్పుడు కుక్కలనే కురిపించును. కథలు చదువుకొనుటకు ఈ సాధనములు చాలును. సంతకము చేయవలసిన కాగితమైనచో ముందుగా ప్లీడరునకు చూపి, ప్రతి వాక్యమును తెలుగున చెప్పించుకొనవలెను.