అంబాసిడర్ బ్రేక్ పెడల్ మెల్లగా కిందికి జారుతోందా? మాస్టర్ సిలిండర్ మార్చేద్దాం

ఈరోజు మన ఇంట్లో ఉన్న పాత అంబాసిడర్‌కి బ్రేక్ మాస్టర్ సిలిండర్ మారుద్దాం. ఇప్పుడే ఎందుకంటే, కార్తీక మాసం వచ్చేస్తోంది. నాన్న ప్రతి ఏడాదీ ఈ బండిలోనే అమ్మని, పెద్దమ్మని ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తారు. దోమలపెంట దాటాక డ్యామ్ వైపు ఘాట్ రోడ్డు దిగాలి. ఆ మలుపుల్లో పెడల్ ఒక్కసారి మోసం చేసినా రెండో ఛాన్స్ ఉండదు.

ముందు లక్షణం చూద్దాం. ఇంజన్ ఆపేసి, పెడల్ గట్టిగా తొక్కి అలాగే పట్టుకోండి. మా బండిలో మొదట గట్టిగానే ఉంటోంది, ముప్పై సెకన్లలో మెల్లగా ఫ్లోర్ వైపు జారిపోతోంది. కాలు తీసి రెండుసార్లు పంప్ కొడితే మళ్లీ పైకొస్తోంది. నాలుగు చక్రాల దగ్గరా చూశాను, చుక్క కారట్లేదు. డబ్బాలో బ్రేక్ ఆయిల్ లెవెల్ కూడా తగ్గలేదు. బయటికి పోకపోతే ఆయిల్ ఎటు పోతున్నట్టు? సిలిండర్ లోపలే, అరిగిపోయిన రబ్బరు కప్పు అంచు దాటి వెనక్కి జారిపోతోంది.

మాకు తెలిసిన మెకానిక్ అన్న "పంప్ కొడితే పడుతోంది కదా, ఇంకో ఏడాది నడుస్తది" అన్నాడు. నాన్నేమో "ముప్పై ఏళ్లుగా తోలుతున్నా, దీని సంగతి నాకు తెలీదా" అన్నారు. ఇద్దరి అనుభవం మీదా నాకు గౌరవమే. కానీ ఈ విషయంలో వాళ్లతో ఎందుకు ఏకీభవించలేదో చెప్తాను.

స్కూల్లో పాస్కల్ నియమం చదివాం కదా. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్నివైపులా సమానంగా వెళ్తుంది. మీ కాలు పుష్ రాడ్‌ని తోస్తే అది పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ ముందున్న రబ్బరు కప్పు ఆయిల్‌ని పైపుల్లోకి నెడుతుంది. మా బండి బ్రేకులు సింగిల్ సర్క్యూట్. అంటే నాలుగు చక్రాలకీ ఆయిల్ పంపేది ఒకే గది, ఆ గదిని మూసి ఉంచేది ఆ ఒక్క కప్పు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లు దీన్నే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారు. ఇప్పటి కార్లలో రెండు సర్క్యూట్లు ఉంటాయి, ఒకటి పోయినా రెండోది సగం బ్రేక్ అయినా ఇస్తుంది. అమెరికాలో 1960ల చివరికే దీన్ని తప్పనిసరి చేశారు. అంబాసిడర్ మూలం మాత్రం 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. ఉత్తర్‌పారాలో 2014 దాకా తయారైనా, మా బండి లాంటి పాతవాటిలో ఉన్నది ఆ కాలపు ఆలోచనే. అందుకే పంప్ కొడితే పడే బ్రేక్‌ని నేను బ్రేక్ అనను. ఘాట్‌లో ఎదురుగా బస్సు వచ్చినప్పుడు పంప్ కొట్టే టైమ్ ఉండదు.

సరే, పని మొదలుపెడదాం. చక్రాలకి రాళ్లు పెట్టండి, జాకీ ఎత్తి కచ్చితంగా స్టాండ్లు వేయండి. జాకీని నమ్మి బండి కిందికి దూరకండి. మా బండిలో మాస్టర్ సిలిండర్ డ్రైవర్ కాళ్ల కింద, ఫ్లోర్ అడుగున ఉంది. ఉన్న ఆయిల్ ముందు సిరంజితో తీసేయండి. ఇది పెయింట్‌ని తినేస్తుంది, కాబట్టి పక్కన నీళ్లు పెట్టుకోండి, ఎక్కడ పడ్డా వెంటనే కడిగేయాలి.

పైపు నట్టుకి మామూలు స్పానర్ వేస్తే మూలలు అరిగి గుండ్రంగా అయిపోతాయి. ముందురోజే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి, ఫ్లేర్ నట్ స్పానర్ వాడండి. తర్వాత స్ప్లిట్ పిన్ను తీసి పుష్ రాడ్ విడదీయాలి, చివరగా రెండు బోల్టులు. పాత స్ప్లిట్ పిన్ను మళ్లీ వాడొద్దు, కొత్తది వేయండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. కిట్ వేయాలా, మొత్తం సిలిండర్ మార్చాలా? పిస్టన్ బయటికి తీసి, లోపలి గోడ మీద టార్చ్ వేసి చూడండి. అద్దంలా నున్నగా ఉంటే కిట్ చాలు. మా దాంట్లో సన్నటి తుప్పు గుంటలు ఉన్నాయి, గోరు ఆడిస్తే తగులుతోంది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, ఆ తేమే ఈ తుప్పు. దాని మీద కొత్త రబ్బరు వేస్తే అది కూడా త్వరగానే కోసుకుపోతుంది. అందుకే మొత్తం మార్చేస్తున్నాను.

కొత్తది కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకెళ్లండి. మూడు విషయాలు కలవాలి: బోర్ సైజు, పైపు నట్టు మర, పుష్ రాడ్ పొడవు. బోర్ పెద్దదైతే మంచిదే కదా అనుకోకండి. ఉదాహరణకి 7/8 అంగుళం బదులు 1 అంగుళం వేస్తే, అదే కాలి బలానికి లైన్‌లో ఒత్తిడి దాదాపు 23 శాతం తగ్గుతుంది. ఈ బండికి బూస్టర్ లేదు, ఆ లోటంతా మీ మోకాలే మోయాలి.

బిగించే ముందు సిలిండర్‌లో గాలి తీసేయండి. వైస్‌లో పట్టించి, అవుట్‌లెట్ నుంచి చిన్న గొట్టం మళ్లీ డబ్బాలోని ఆయిల్‌లో మునిగేలా పెట్టి, పిస్టన్‌ని నెమ్మదిగా తోస్తూ వదలండి. బుడగలు ఆగేదాకా. రబ్బరు భాగాలని పెట్రోల్‌తో, డీజిల్‌తో అస్సలు కడగొద్దు, ఉబ్బిపోతాయి. శుభ్రమైన బ్రేక్ ఆయిల్ చాలు.

బిగించాక పెడల్ ప్లే చూడండి. కాలు తీసినప్పుడు పుష్ రాడ్‌కి, పిస్టన్‌కి మధ్య కొద్దిగా ఖాళీ ఉండాలి. లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ డబ్బాలోకి తిరిగి వెళ్లే చిన్న రంధ్రం మూసుకుపోతుంది. కొన్ని కిలోమీటర్లు నడిచేసరికి బ్రేకులు వాటంతటవే పట్టేసి డ్రమ్ములు కాలిపోతాయి.

చివరిగా నాలుగు చక్రాల ఎయిర్ తీయాలి. దూరంగా ఉన్నదానితో మొదలు: ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే ఇంకొకరు నిప్పిల్ వదిలి, బిగించాకే కాలు తీయమనాలి. మధ్యమధ్యలో డబ్బా నింపుతూ ఉండండి. సీల్ తీయని కొత్త డబ్బా ఆయిల్ వాడండి. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. ఘాట్‌లో డ్రమ్ములు వేడెక్కితే ఆ ఆయిల్ ఆవిరవుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ ఖాళీగా దిగిపోతుంది.

పెడల్ తొక్కడానికి నాన్ననే కూర్చోబెట్టాను. ఎయిర్ తీయడం అయ్యాక "ఇప్పుడు ఒక నిమిషం తొక్కి పట్టుకోండి నాన్నా" అన్నాను. నిమిషం దాటినా పెడల్ కదల్లేదు. ఆయన ఏమీ అనలేదు, ఇంకో నిమిషం తొక్కి చూసుకున్నారు. దిగాక "పాతది పారేయకు, మెకానిక్‌కి ఆ గుంటలు చూపిద్దాం" అన్నారు. తర్వాత ఖాళీ రోడ్డు మీద 20 స్పీడ్‌లో, హ్యాండ్ బ్రేక్ మీద చెయ్యి ఉంచి, నాలుగైదుసార్లు ఆపి చూశాం. నిటారుగా ఆగింది.

ఒక్క మాట. కొత్త సిలిండర్ వేశామని ఘాట్‌లో బ్రేక్ మీద కాలు పెట్టుకుని దిగకండి. డ్రమ్ముల వేడి ఎక్కడికీ పోదు. రెండో గేర్‌లో, ఇంజన్ పట్టు మీద దిగండి. మీ ఇంట్లో అంబాసిడర్, పద్మిని, ఏ పాత బండి ఉన్నా, ఈరోజు తాళం తీసే ముందు ఆ ముప్పై సెకన్ల టెస్ట్ చేయండి. పెడల్ జారితే బండి ఇంట్లోనే ఉంచి పని చేయించండి.

వచ్చే ఎపిసోడ్‌లో బ్రేక్ లైనర్లు సర్దడం చూద్దాం. ఉంటానండి.