డప్పు మనది, కబురు కూడా మనదే కావాలె
(కాటేదాన్ బస్తీలో కార్మికుల ముందు ఒక కార్యకర్త మాట్లాడిన మాటలు. ఫోనులో రికార్డు చేసినదాని నుంచి ఎత్తి రాసినవి.)



నేను ఫోన్ల గురించి మాట్లాడతానంటే మొన్న ఒక అన్న నవ్విండు. "చెల్లె, ఫోను గురించి మనకు చెప్పేదేమున్నది, పాలుతాగే పిల్లగాడు కూడా వేలుతోని తోస్తున్నడు" అన్నడు. నిజమే. ఈ బస్తీల సొంతిల్లు లేనోళ్ళున్నరు, రేషన్ కార్డు లేనోళ్ళున్నరు, ఫోను లేనోళ్ళు తక్కువ. కానీ చేతిల ఫోనుంటే చేతిల హక్కున్నట్టేనా?

మీకు ఒక సంగతి యాది చేస్త. ఊర్ల చాటింపు ఎవరు వేసేటోళ్ళు? మన తాతలు. డప్పు మనది, చెయ్యి మనది, గొంతు మనది. కబురు మాత్రం దొరది, పట్వారిది. శిస్తు కట్టాలె, వెట్టికి రావాలె, ఫలానోని ఇంటికి ఎవ్వరూ పోవద్దు. మన మీదికి వచ్చే ఆజ్ఞలను మన చేతనే చాటించిండ్రు. ఇయ్యాల ఈ ఫోను కూడా అట్లనే ఉన్నది. పొద్దంత మన చేతుల్లనే మోగుతది. దాంట్ల కబురెవరిది? సినిమావాళ్ళది, ఓట్లవాళ్ళది, అప్పు ఇస్తమనే యాప్‌లది. 2020ల ఆ అప్పు యాప్‌ల వేధింపులకు మన తెలంగాణలనే మనుషులు ప్రాణాలు తీసుకున్నరు. ఫోనుల ఉన్న బంధువుల నంబర్లన్నీ గుంజుకొని ఒక్కొక్కరికి ఫోన్ చేసి పరువు తీసిండ్రు. డప్పు మన చంకల ఉన్నది గానీ కొట్టేటోడు వేరే ఉన్నడు.

కబురు మనదిగా చేసుకునే పని ఇయ్యాల మొదలైంది కాదు. బాబాసాహెబ్ 1920 జనవరి 31న పత్రిక పెట్టిండు. దానికి మూక్‌నాయక్ అని పేరు పెట్టిండు, అంటే నోరులేనోళ్ళ నాయకుడు. మన హైదరాబాదుల భాగ్యరెడ్డి వర్మ 1931ల భాగ్యనగర్ పత్రిక నడిపిండు. తర్వాత బొజ్జా తారకం 'పోలీసులు అరెస్టు చేస్తే' అని పుస్తకం రాసిండు. లాయర్లకు కాదు, స్టేషన్ మెట్లెక్కాలంటే కాళ్ళు వణికేటోళ్ళకు రాసిండు. ఆ పుస్తకం కార్యకర్తల సంచుల్ల తిరిగింది. కానీ ఒక చిక్కున్నది. పత్రికకైనా పుస్తకానికైనా అక్షరం కావాలె. మన అవ్వలకు అక్షరం ఇయ్యలేదు గదా ఈ సమాజం! చదివేటోడు వచ్చేదాక హక్కు కూడా గడప అవతలనే నిలబడ్డది.

ఫోను గొంతుతోని మాట్లాడతది. నాకు దీంట్ల పనికొచ్చేది అదొక్కటే కనబడుతున్నది.

జహీరాబాద్ దిక్కు మాచనూరుల దళిత ఆడోళ్ళు సంఘం రేడియో పెట్టుకున్నరు. 2008 అక్టోబర్ 15న అది గాలిలోకి ఎక్కింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లనే చెప్పింది, కానీ ఆ ఆస్తిల మన వాటా రావడానికి 13 ఏండ్లు పట్టింది. లైసెన్సు రాకముందు వాళ్ళు ఊరికే కూసోలే. క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘాల మీటింగుల్ల వినిపించుకున్నరు. విత్తనం గురించి, కూలి గురించి, తమ మాటలోనే, తమ యాసలోనే. యాస మార్చుకోమని వాళ్ళకు ఎవ్వరూ చెప్పలే, చెప్పినా వినేటోళ్ళు కాదు. ఇంకో దిక్కు ఛత్తీస్‌గఢ్‌ల 2010ల సీజీనెట్ స్వర అనేది మొదలైంది. ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే అటునుంచి మళ్ళ ఫోన్ వస్తది. ఒకటి నొక్కితే నీ బాధ చెప్పుకోవచ్చు, రెండు నొక్కితే పక్కూరోళ్ళ బాధ వినొచ్చు. గోండిల మాట్లాడినా నడుస్తది. పెద్ద ఫోను అక్కర్లే, బటన్ల ఫోను చాలు. బోరు చెడిపోయిందని, మాస్టరు వస్తలేడని చెప్తరు, దానితోపాటు ఏ అధికారికి ఫోన్ చేయాల్నో ఆ నంబరు కూడా చెప్తరు. విన్నోళ్ళు ఆ అధికారికి ఫోన్ చేస్తరు. అన్నిసార్లు పని అయితదని కాదు. కానీ ఎవ్వరికీ తెల్వదులే అన్న ధీమా ఆ అధికారికి పోతది.

ఇగ మన కాటేదాన్‌కు వస్త.

మూడేండ్ల కింద ఇక్కడ ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీల, పేరు చెప్పను, పాలమూరు నుంచి వచ్చిన మన తమ్ముని చెయ్యి మిషన్ల పడ్డది. మూడు వేళ్ళు పోయినయి. దవాఖానకు మేమే ఎత్తుకపోయినం. తెల్లారి గేటు కాడికి పోతే కాంట్రాక్టరు "వాడెవడు? ఆ పేరుగలోడు మా దగ్గర పని చెయ్యలే" అన్నడు. హాజరు బుక్కుల పేరు లేదు. ఇ.ఎస్.ఐ. లేదు, పి.ఎఫ్. లేదు. సెల్లు లోపలికి తీసుకపోనియ్యరు గనక మిషను కాడ ఒక్క ఫోటో కూడా లేదు. ఆరేండ్లు పనిచేసిన మనిషి ఒక్క రాత్రిల లేకుండ పోయిండు.

అప్పుడు ఆయన భార్య తన ఫోను తీసింది. ఆమెకు చదువు రాదు. ఆయన వాయిస్ మెసేజీలే పంపేటోడు. తుడిచేయడం తెల్వక అవన్నీ అట్లనే ఉన్నయి. "ఇయ్యాల రాత్రి డ్యూటీ కూడా ఉండమన్నరు, నువ్వు తిని పండుకో." "ఓటీ పైసలు శనారం ఇస్తరట." అట్లాంటివి లెక్కలేనన్ని, తారీఖు, టైముతో సహా. ఫోన్‌పే తెరిస్తే ప్రతి శనారం కాంట్రాక్టరు పంపిన కూలి కనబడ్డది. బ్యాంకుకు పోయి స్టేట్‌మెంటు తీయించి కార్మిక శాఖ అధికారి ముందు కేసు వేసినం. కాంట్రాక్టరు రాజీకి వచ్చిండు. మేము అడిగినంత రాలే, వచ్చింది మూడు వేళ్ళకు సరిపోదు. కానీ "వాడెవడు" అన్న నోరు మూతబడ్డది.

అందుకే నా మాట. కూలి చేతికిస్తనంటే వద్దనండి, ఫోనులనే వేయమనండి. చేతికే ఇస్తే, ఇంత ముట్టింది అని అదే దినం ఇంటికి ఒక వాయిస్ పంపుండ్రి. పదిమంది పనిచేసే కాడ, జీతం 21 వేల లోపున్నోనికి ఇ.ఎస్.ఐ. ఉండాలె. ఇరవై మంది ఉంటే పి.ఎఫ్. ఉండాలె. 1948 నాటి కనీస వేతనాల చట్టాన్ని 2025 నవంబర్ 21 నుంచి వేతనాల కోడ్‌ల కలిపేసిండ్రు. కొత్త కోడ్లతోని మనకు పోయేదేందో, వచ్చేదేందో ఇంకోనాడు మాట్లాడుకుందాం, అది పెద్ద లొల్లి. కానీ జీతం చీటీ ఇయ్యాలె, పనిల పెట్టుకున్నట్టు కాగితం ఇయ్యాలె అని వాటిల రాసి ఉన్నది. రాసి ఉన్నదాన్ని అడుగుదాం.

శంషాబాద్ దిక్కు నుంచి వచ్చినోళ్ళకు ఒక మాట. 2008ల విమానాశ్రయం తెరిచిన కాడినుంచి అక్కడ భూమి బంగారమైంది. మన తాతలకు సర్కారిచ్చిన అసైన్డ్ భూమి అమ్మరాదు, కొనరాదు అని 1977 చట్టం ఉన్నది. దళారి వచ్చి తెల్లకాగితం మీద వేలుముద్ర అడిగితే పెట్టకుండ్రి. ధరణి పోయి 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. సర్వే నంబరు మీద ఇయ్యాల ఎవరి పేరున్నదో చదువుకున్న పిల్లలతోని ఫోనుల చూపించుకోండి.

ఇగ స్టేషను. కులం పేరు పెట్టి తిడితే, కొడితే, మన ఆడోళ్ళ మీద చెయ్యి వేస్తే స్టేషన్ల మొదట వినబడే మాట "రేపు రాపో." లేకుంటే "ఇది మా హద్దు కాదు." 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త నేర చట్టాల ప్రకారం ఏ స్టేషన్లనైనా ఎఫ్.ఐ.ఆర్. రాయాలె, హద్దు తర్వాత చూసుకోవాలె. ఫోను ద్వారా పంపినా తీసుకోవాలె, కానీ మూడు దినాల్ల పోయి సంతకం పెట్టాలె. ఈ మూడు దినాలు మరిచిపోకుండ్రి. అట్రాసిటీ చట్టం నాలుగో సెక్షన్ల ఇంకా గట్టిగ ఉన్నది. నువ్వు నోటితో చెప్పింది రాసుకొని, నీకు చదివి వినిపించి, అప్పుడు సంతకం తీసుకోవాలె. కాపీ వెంటనే నీ చేతికియ్యాలె. కావాలని చెయ్యని అధికారి దళితుడో ఆదివాసో కాకుంటే ఆయనకు ఆరు నెలల నుంచి ఏడాది దాక జైలు. చట్టం 1989ది, ఈ మాటలు ఇంత వివరంగ చేర్చింది 2015 సవరణల. అట్రాసిటీ సాయానికి 14566 నంబరు 2021 డిసెంబర్ నుంచి ఉన్నది. ఉచిత లాయరు కోసం 15100. ఇవి గోడమీద రాసుకునేటియి కావు, ఫోనుల పేరు పెట్టి దాచుకునేటియి.

ఇల్లు సోదా చేసేటప్పుడు పోలీసులే మొత్తం వీడియో తీయాలె, ఫోనుతోనైనా సరే అని కొత్త చట్టమే అంటున్నది. "సార్, వీడియో తీస్తున్నరా?" అని అడగండి. అడిగేటప్పుడు గొంతు వణికినా ఫరవాలేదు.

వీడియో అంటే గుర్తొచ్చింది. 1985 జులై 17న కారంచేడుల మన ఆరుగురిని చంపినప్పుడు, మిగిలినోళ్ళు ప్రాణాలు అరచేతిల పెట్టుకొని చీరాలకు ఉరికిండ్రు. కబురు కాళ్ళ మీద నడిచింది. 1991 ఆగస్టు 6న చుండూరుల ఎనిమిదిమందిని నరికి శవాలను గోనెసంచుల్ల కుక్కి కాలువల పడేసిండ్రు. 2007ల ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014ల హైకోర్టు సాక్ష్యం నిలవలేదని అందరినీ వదిలేసింది. కండ్లతో చూసినోళ్ళ మాట చాలలే! 2018ల మిర్యాలగూడల దళిత యువకుణ్ణి నరికింది కేమెరాల పడ్డది. 2025 మార్చిల ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం పడ్డది. కేమెరా ఒక్కటే గెలిపించిందని నేను అనను, ఏండ్లపాటు కోర్టు మెట్లెక్కినోళ్ళున్నరు. కానీ తేడా మీరే చూడుండ్రి.

అయితే కేమెరా మనిషి కాదు. 2022 మే 4న ఇక్కడికి దగ్గర్లనే సరూర్‌నగర్‌ల, నడిరోడ్డు మీద ఒక దళిత యువకుణ్ణి భార్య ముందే కొట్టి పొడిచి చంపిండ్రు. వేరే మతం పిల్లను చేసుకున్నందుకు ఆమె అన్నే చంపిండు. ఆమె కాళ్ళావేళ్ళా పడ్డా ఎవరూ ముందుకు రాలేదని, నిలబడి ఫోన్లల్ల వీడియో తీసిండ్రని ఆమే చెప్పింది. ఆ వీడియో నాకు కూడా వచ్చింది. నేను చూడలేకపోయిన. ఫోను పట్టుకున్నోడు ఒక్క కేక వేసినా మనిషి బతికేటోడేమో అనిపిస్తది. ముందు 112 కొట్టుండ్రి, కేకలు వేయుండ్రి, పదిమందిని పిలువుండ్రి. వీడియో ఆ తర్వాత.

తీసిన వీడియో తీసిన ఫోనులనే ఉంచాలె. వాట్సాప్‌ల అందరికీ పంపి అసలుది తుడిచేస్తే కోర్టుల అది నిలబడుడు కష్టం. దానికి సర్టిఫికెట్ పెట్టాల్సి ఉంటది, అది లాయరు చూసుకుంటడు. మన పని అసలుదాన్ని కాపాడుడు. ఇంకోటి, బాధితురాలి మొఖం, పేరు ఉన్నది ఎవ్వరికీ పంపకుండ్రి. న్యాయం కోసమని పంపినోళ్ళే ఆ పిల్లను రెండోసారి బజార్ల పెట్టినోళ్ళయితరు. ఫోను మనల్ని పట్టిచ్చేది కూడా. 2021 అక్టోబర్‌ల మన హైదరాబాదుల పోలీసులు దారిన పోయేటోళ్ళను ఆపి, ఫోన్లు తీసుకొని గంజాయి అన్న మాట కోసం వెతికిండ్రు. ఎవరిని ఆపుతరో, ఎవరి కారును ఆపరో నేను చెప్పాల్నా?

అన్నలకు ఒక మాట, కోపం చేసుకోకుండ్రి. ఇంట్ల ఒక్క ఫోనుంటే అది మీ జేబుల ఉంటది. మీరు డ్యూటీకి పోతే అది కూడా పోతది. అక్కకు కష్టమొస్తే 181కి దేంతోని కొడతది? ఆమెకు వచ్చిన ఫోనల్లా "ఎవడు వాడు" అని గుంజి చూస్తిరి. దొర మన నోరు మూసిండని మీటింగులల్ల మాట్లాడతం. ఇంట్ల మనం మూసేదాన్ని ఏమనాలె?

పద్ధతి ఒకటి అనుకున్నం. వారానికి ఒక పాఠం, రెండు నిమిషాలు మించద్దు, మన మాటల్ల. రాసి చదివేది కాదు, బాధ పడ్డోళ్ళే చెప్పాలె. ఒక్కరే చెవిల పెట్టుకొని వినుడు కాదు, పదిమంది ఒక్కకాడ కూసొని పెద్దగ పెట్టుకొని వినాలె, విన్నంక అడగాలె. స్టేషనుకు పోవాల్సిన పని పడితే ఇద్దరు తోడు పోవాలె, ఎవరెవరన్నది ముందే రాసుకుందాం. తోడుపోయే మనుషులు లేకుంటే ఎన్ని పాఠాలు పంపినా అవి గుడ్ మార్నింగ్ మెసేజీలల్ల కలిసిపోతయి.

మొదటి పాఠం చెయ్యి పోయిన తమ్ముని భార్య చెప్తనన్నది. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు ఇదే చెట్టుకింద రికార్డు చేస్తం. బీహార్, ఒడిశా తమ్ముళ్ళ కోసం హిందీల కూడా చెప్పేటోళ్ళు కావాలె, ఎవరికి బాగ వస్తదో చేతులెత్తుండ్రి. ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకొని రాండ్రి, ఇక్కడ కరెంటు లేదు.

జై భీమ్.