ఎదుటివారి పద్దుకూ మనదే పూచీ

వెనక వరుసల్లో కూర్చున్న తల్లిదండ్రులకు నమస్కారం. ఈ పట్టాల్లో సగం వాళ్ల కష్టమే. పిల్లలూ, మీకు నా మనఃపూర్వక అభినందనలు. ఎండ ముదరకముందే అసలు మాటకు వస్తాను.

తెలుగులో మాట్లాడమని అడిగారు, సంతోషం. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. రాజపాళయంలో పుట్టిన మనకు ఇది కొత్త కాదు.

నా మొదటి ఉద్యోగం ఈ ఊళ్లోనే, ఒక నూలు వ్యాపారి దగ్గర లెక్కలు రాసే పని. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా గారు ఇక్కడ మిల్లు నెలకొల్పారు. అప్పటినుంచి ఈ ఊరి బతుకు నూలుతో ముడిపడింది. దగ్గరలోని ఛత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేయించేవాళ్లు మా దగ్గరికి నూలు కోసం వచ్చేవారు. మా పెద్ద గుమాస్తా గారికి ఒక నియమం ఉండేది. వచ్చినవాడికి అతని పద్దు ఒక్కటే చూపించేవారు. పైనున్న పద్దుల మీద ఒక అట్టముక్క, కింద ఉన్నవాటి మీద ఇంకో అట్టముక్క పెట్టేవారు. ఎవరికి ఏ ధరకు ఇచ్చామో, ఎవరు ఎంత బాకీ ఉన్నారో రెండోవాడి కంట పడనిచ్చేవారు కాదు. "వాళ్ల పరువు మన పుస్తకంలో ఉందిరా" అనేవారు. ఆ మాట విలువ నాకు చాలా ఏళ్ల తరవాత తెలిసొచ్చింది.

తరవాత చెన్నైలో బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాశాను. ఆపైన బెంగళూరులో, దొంగిలించిన క్రిప్టో సొమ్ము ఏ దారిన పోయిందో వెతికే పనిలో చేరాను. మంచి పని, చేసినందుకు గర్వపడుతున్నాను. కాకపోతే దొంగ జాడ పట్టుకుని పోతుంటే దారిలో మామూలు మనుషుల లెక్కలు కూడా కనబడతాయి. ఒకరి జీతం, ఒకరి పొదుపు, ఒకరు ఇంటికి పంపిన డబ్బు. వాటిని చూడ్డానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ తాళమూ తియ్యనక్కర్లేదు. బ్లాక్‌చెయిన్ అనే ఆ పుస్తకానికి అట్టముక్కే లేదు. ఈరోజు నా బెంగంతా అదే.

బిట్‌కాయిన్ అంటే రహస్యపు డబ్బు అని మీలో చాలామంది అనుకుంటున్నారు. కాదు. 2010 మే 22న అమెరికాలో ఒకాయన రెండు పిజ్జాల కోసం 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చాడు. ఆ లావాదేవీని ఇప్పుడు మీ ఫోన్లోనే చూడొచ్చు. ఇంకో యాభై ఏళ్లకు మీ మనవలు కూడా చూడొచ్చు. అందులో పేర్లు ఉండవు, అంకెలూ అక్షరాలూ కలిసిన అడ్రసులు ఉంటాయి. ఒక్క అడ్రసుకు ఒక్కసారి పేరు దొరికిందా, దాని వెనకా ముందూ జరిగిన లావాదేవీలు వరసగా బయటికొస్తాయి. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగో పరిశోధకులు మరికొందరితో కలిసి ఈ సంగతిని చేసి చూపించారు. తామే చిన్న చిన్న కొనుగోళ్లు చేసి, ఏ అడ్రసు ఏ సంస్థదో తెలుసుకుని, అక్కణ్ణుంచి పెద్ద పెద్ద గుంపులకు పేర్లు పెట్టగలిగారు.

బిట్‌కాయిన్‌ను కనిపెట్టినవారికి ఈ ప్రమాదం తెలియక కాదు. సతోషీ నకమోటో పేరుతో 2008 అక్టోబరు 31న వెలువడిన ఆ తొమ్మిది పేజీల పత్రంలో గోప్యత మీద ఒక విభాగమే ఉంది. ప్రతి లావాదేవీకీ కొత్త తాళంచెవుల జత వాడమని అందులో రాశారు. పలు అడ్రసుల్లోని సొమ్మును ఒకే చెల్లింపులో కలిపితే అవన్నీ ఒక్కరివేనని బయటపడుతుందని కూడా హెచ్చరించారు. మొదటి రోజునే చెప్పిన జాగ్రత్త అది, మనమే వినలేదు.

"మేము తప్పు చేస్తేగా దాచడానికి?" అంటారు మీరు. నేనూ తప్పు దాచమనడం లేదు. 2022 నుంచి క్రిప్టో ఆస్తుల లాభం మీద 30 శాతం పన్ను ఉంది, అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ ఉంది. 2023 మార్చిలో ఎక్స్చేంజీలను మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చారు. మీ పాన్, మీ గుర్తింపు పత్రాలు వాళ్ల దగ్గర ఉంటాయి. పన్ను కట్టండి, లెక్క చూపండి. ఎవరిదో తెలియని సొమ్ముతో మీ సొమ్మును కలిపే మిక్సర్ల జోలికి పోకండి. దొంగసొత్తు మీ చేతికి అంటితే విడిపించుకోవడం ఎంత కష్టమో నేను చూశాను. ప్రభుత్వానికి చూపవలసింది చూపించాక, ఇంకెవరెవరు చూడొచ్చన్నది మాత్రం మీరే తేల్చుకోవాలి.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పేరు, ఊరు వద్దు. విదేశీ కంపెనీకి వెబ్‌సైట్లు చేసిపెట్టేది. కూలి యూఎస్‌డీటీ అనే డాలరు విలువ క్రిప్టోలో తీసుకునేది, అదీ ఇంట్లోవాళ్ల పొదుపంతా ఉన్న అడ్రసుకే. ధర పెంచమని అడిగిన రోజున అవతలివాడు, "నీ దగ్గర ఇంత ఉంది కదా, తొందరేముంది?" అన్నాడు. అంకెతో సహా చెప్పాడు. ఆ పిల్ల ఆ రాత్రంతా నిద్రపోలేదు. ఇందులో ఎవరూ దేన్నీ హ్యాక్ చెయ్యలేదు. తెరిచి ఉన్న పుస్తకంలో ఒక పేజీ చదివారు, అంతే.

ఏం నాయనా, ఏమ్మా! ఇంటికి కొత్తవాళ్లొస్తే బీరువా తలుపు వేస్తారు కదా. మరి అదే అడ్రసును ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు పక్కన పెడతారా? క్లాసు గ్రూపులో చందాలకి ఇస్తారా? జీతానికీ అదే, ఆటలకీ అదే, అమ్మ దాచుకున్న డబ్బుకీ అదేనా? నాలుగేళ్లు చదివించి మిమ్మల్ని పంపుతున్నది ఇందుకా? కోప్పడుతున్నానని అనుకోకండి. మీరంటే నాకు భయం లేదు, మీ గురించే భయం.

చెయ్యాల్సింది కష్టమేమీ కాదు. మీ బిట్‌కాయిన్ వాలెట్ సీడ్ అనే ఒకే పదాల వరస నుంచి ఎన్ని అడ్రసులైనా పుట్టిస్తుంది. పుచ్చుకున్న ప్రతిసారీ కొత్తది ఇవ్వండి. ఈథీరియంలో ఒకే ఖాతాను పదేపదే వాడటం అలవాటు కాబట్టి, పొదుపుకు ఒకటి, రాబడికి ఒకటి వేరుగా పెట్టుకోండి. ఒకదాన్నుంచి ఇంకోదానికి నేరుగా పంపారంటే వేరు చేసిన ఫలితం పోయినట్టే. ఎక్స్‌పబ్ అనే తాళంచెవిని ఎవరికీ ఇవ్వొద్దు. దాంతో సొమ్ము తియ్యలేరు గానీ, మీ అడ్రసులన్నీ చూడగలరు. మీ వాలెట్ ఎవరి సర్వర్ని అడిగి నిల్వ చూపిస్తోందో ఆ సర్వర్‌కు మీ అడ్రసులూ మీ ఐపీ కూడా తెలుస్తాయి. చేతనైనవాళ్లు సొంత సర్వర్‌ను, అంటే నోడ్‌ను, నడుపుకోండి. వాలెట్ కొనేటప్పుడు ఇచ్చే వివరాలతోనూ జాగ్రత్త: 2020లో క్రిప్టో వాలెట్ పరికరాలు అమ్మే లెడ్జర్ అనే ఫ్రెంచి కంపెనీ నుంచి 2,70,000కు పైగా కొనుగోలుదారుల పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు బయటపడ్డాయి. వాళ్ల పరికరాలు చెక్కుచెదరలేదు, ఆర్డర్ల జాబితా మాత్రం బయటికి పొక్కింది. క్రిప్టో ఎవరింట్లో ఉందో దొంగకు తెలిస్తే చాలు, తాళం విప్పే గణితంతో అతనికి పనిలేదు.

ఇదంతా మిమ్మల్ని మీరు కాపాడుకోవడం గురించే అనుకుంటే మా పెద్ద గుమాస్తా గారి పాఠం సగమే అందినట్టు. లావాదేవీకి రెండు చివర్లుంటాయి. మీరు డబ్బు పంపిన మనిషి మీ అడ్రసు చూస్తాడు, మీరు అతనిది చూస్తారు. మీరు పేరు బయటపెట్టుకున్న రోజున మీ దగ్గర జీతం పుచ్చుకున్నవాడు, మీరు అప్పు తీర్చినవాడు కూడా వెలుగులోకి వస్తారు. వాళ్లను మీరు అడగలేదు. అందుకే గోప్యత ఎదుటివారి పట్ల మర్యాద అంటాను.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని తేల్చారు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. కానీ వినండి: మనంతట మనమే బహిరంగంగా పెట్టుకున్న సమాచారానికి ఆ చట్టం వర్తించదు. తరవాత ఏ కోర్టు చెరపమన్నా బ్లాక్‌చెయిన్ చెరగదు.

అసలు ఏ తలుపూ తెరవొద్దని కాదు. ఈ ఊరివారే, మద్రాసు ముఖ్యమంత్రిగా పనిచేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా గారు తన ఇంటిని గాంధీ కలై మన్రం అనే సంస్థకు ఇచ్చేశారు. అది ఆయన తన ఇష్టంతో, తన చేత్తో తెరిచిన తలుపు. అలా తెరిస్తే దానం. మన ప్రమేయం లేకుండా ఎవరో తెరిస్తే దాన్ని చొరబాటు అంటాం. తలుపు తెరిచే ఇష్టం ఎవరిదన్నదే ఇక్కడ ముఖ్యం.

మీలో కొందరు రేపు వాలెట్లు రాస్తారు, చెల్లింపుల యాప్‌లు రాస్తారు. అంకె చూపకుండా ఆ అంకె సరైనదని రుజువు చేసే పద్ధతికి 1985లోనే గోల్డ్‌వాసర్, మికాలీ, రాకాఫ్ అనే పరిశోధకులు పునాది వేశారు. 2016లో వచ్చిన జీక్యాష్ అనే క్రిప్టో దాన్ని డబ్బుకు అన్వయించింది. గణితం ఎప్పుడో సిద్ధమైంది. దాన్ని మామూలు మనిషి చేతికి అందేలా చెయ్యడమే మిగిలింది. మీరు రాసే యాప్‌లో గోప్యత మొదటినుంచీ ఆన్‌లో ఉండాలి. సెట్టింగుల్లో ఏడో పేజీలో దాచి, "వాళ్లే పెట్టుకోవాల్సింది" అనకండి. ఛత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే అక్కయ్య ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే ఆమె పద్దు మూసి ఉండాలి. ఆ పూచీ ఆ ప్రోగ్రాము రాసినవారిది, అంటే మీది.

ఆఖరిగా ఒక పని చెబుతాను, ఇవాళే చెయ్యాల్సింది. సాయంత్రానికి మీరందరూ పట్టా ఫొటో పెడతారు, పెట్టండి, అది మీ సంబరం. పెట్టేముందు రిజిస్టర్ నంబరు మీద వేలు అడ్డం పెట్టండి. పక్కన నిలబడ్డ స్నేహితుడి పట్టా మీద కూడా పెట్టమని చెప్పండి. శుభం, వెళ్లిరండి.