ఎవరి రుచి వారిది - కాఫీ కథ



ఈవేళ కాఫీని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. పండించే పద్ధతులు మీకు ఇదివరకు చాలామంది చెప్పే ఉంటారు. అందుచేత నేను ముందు తాగడంతో మొదలుపెట్టి, ఆ తరువాత తోటలోకి వస్తాను.

మాడుగుల సంగతి తీసుకోండి. తూర్పు కనుమల పాదాన ఉన్న ఊరు. ఈ వైపు చోడవరం, అనకాపల్లి మైదానం. ఆ వైపు గరికబంద మీదుగా పాడేరు ఘాటీ. పైన కాఫీ పండుతుంది, కింద కాఫీ తాగుతారు. మాడుగుల హల్వా ఒక ముక్క నోట్లో వేసుకున్నవాడు దానిపైన తాగే కాఫీలో చక్కెర తగ్గించమంటాడు. ఉదయం లేచి పొలానికి పోయేవాడు, మరో చెంచా వెయ్యమంటాడు. మనిషి ఒక్కడే అయినా వేళనుబట్టి రుచి మారుతుంది. ఇక పదిమంది సంగతి చెప్పాలా?

ఒక ఇంటిని ఊహించుకోండి. తాతగారికి నల్లగా, చిక్కగా, నాలుక మీద చేదు నిలిచే కాఫీ కావాలి. నాయనమ్మకు పాలు ఎక్కువ, డికాషను పేరుకు మాత్రం. కొడుకు చికోరీ కలిపిన పొడి అయితేనే కాఫీ అంటాడు. కోడలు చికోరీ వాసనే పడదంటుంది. పెద్దాయనకు మధుమేహం, చక్కెర లేదు. ఎదురింటి మావయ్య వస్తే అనకాపల్లి బెల్లం వేసి ఇవ్వాలి. ఒక్క పొయ్యి మీద ఆరు రకాలు! వీరిలో ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. ఎవరి నాలుక వారిది.

బెల్లం కాఫీ అన్నాం గనుక ఒక చిన్న మాట. బెల్లం వేసి పాలు కాస్తే ఒక్కొక్కసారి విరిగిపోతాయి. బెల్లాన్ని వేడి డికాషనులో ముందు కరగనిచ్చి, పొయ్యి దించిన తరువాత కాచిన పాలు కలపండి. డికాషనును మాటిమాటికి మరగపెట్టకండి, చేదు పెరిగి సువాసన పోతుంది. చికోరీ అనేది కాఫీ కాదు, ఒక మొక్క వేరు. దానిని వేయించి పొడి చేస్తారు. రంగు, చిక్కదనం ఇస్తుంది. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని మన దేశంలో నిబంధన ఉంది. ఎంత కలిసిందో పొట్లం మీద రాసి ఉంటుంది, చదివి కొనుక్కోండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ ఆరుగురి రుచులూ వేరైనా, ఒక్క సంగతిలో అందరూ ఒక్కటే. మట్టి వాసన కొట్టే కాఫీని, బూజు కంపు కొట్టే కాఫీని ఎవరూ ఇష్టపడరు. తేడా అల్లా, పాలూ చక్కెరా చికోరీ వేస్తే ఆ దోషం కొంత మరుగుపడుతుంది. వట్టి కాఫీ తాగేవాడి దగ్గర ఏదీ దాగదు.

మన కొండల కాఫీ వట్టి కాఫీ తాగేవాళ్ళ దగ్గరకు కూడా పోతున్నది. 1898లో తూర్పుగోదావరి పాములేరు లోయలో మొదలైన పంట ఇది. 1960 ప్రాంతంలో అటవీశాఖవారు విశాఖ మన్యంలో తోటలు వేశారు. తరువాత గిరిజన రైతులు సొంతంగా పండించసాగారు. 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతోనే ఒక కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. అంటే, అంత దూరాన కూర్చుని కాఫీ తాగేవాడు పాడేరు రైతు కళ్ళంలో ఏం జరిగిందో గిన్నెలో చూడగలడన్నమాట.

అయితే ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు పండించిన కాఫీని మీరు ఎప్పుడైనా తాగారా? పండ్లు కోసి, ఎండబెట్టి, బస్తా కట్టి అమ్మి, ఆ డబ్బుతో సంతలో టీపొడి కొనుక్కువచ్చే ఇళ్ళు కొండమీద చాలా ఉన్నాయి. టీ తాగడం తప్పని నేను అనను. అదీ ఒక రుచే. కాని తన సరుకు రుచి తనకు తెలియనివాడు, కొనేవాడు "ఇది రెండో రకం" అంటే ఏమని జవాబు చెబుతాడు? ధర దగ్గర నోరు పెగలాలంటే ముందు నాలుకకు తెలియాలి.

అందుకు ఖర్చులేని పరీక్ష ఒకటి చెబుతాను. గ్రామసేవకులు, విస్తరణ ఉద్యోగులు దీన్ని రైతుల సమావేశంలో చేసి చూపించాలి.

ఎర్రగా పండినవి మాత్రమే ఏరి, శుభ్రంగా ఎండబెట్టిన గింజలు ఒక దోసెడు తీసుకోండి. పచ్చివీ, పండినవీ కలిపి కొమ్మ దూసి, వట్టి నేలమీద ఎండబెట్టినవి ఇంకొక దోసెడు. రెండూ వేరువేరుగా రోట్లో మెల్లగా దంచి, చేటతో చెరిగి పొట్టు తీయండి. మందపాటి మూకుడులో సన్నని మంటమీద కలియబెడుతూ వేయించండి. మొదట పసుపురంగు వస్తుంది, తరువాత గోధుమరంగు తిరుగుతుంది, చిటపటమంటాయి. మాడకముందే దించి చల్లార్చండి. రెండింటినీ ఒకే రంగుకు వేయించాలి, లేకపోతే పరీక్ష చెల్లదు. మరునాడు పొడిచేసి, పొడి సమానంగా, మరిగిన నీరు సమానంగా పోసి, గుడ్డతో వడకట్టండి. పాలు వద్దు, చక్కెర వద్దు. కొంచెం చల్లారనిచ్చి తాగండి. వేడిమీద దాగిన దోషం చల్లారినప్పుడు బయటపడుతుంది.

నాలుక వగరెక్కితే పచ్చికాయలు కలిసినట్టు. మట్టి వాసన వస్తే నేలమీద ఆరబోసినట్టు. పులిసిన వాసన అయితే కోసిన పండ్లు కుప్పగా నిలవపడినట్టు, లేదా గుజ్జు తీసిన గింజలు ఎక్కువ కాలం ఊరినట్టు. బూజు వాసన అయితే సగం ఎండినవి రాత్రి మంచుకు తడిసినట్టు. మన్యంలో కోత నవంబరు మొదలు చలికాలమంతా సాగుతుంది. పొగమంచు దట్టంగా పడే కాలం అదే గనుక ఈ చివరి దోషం మనకు ఎక్కువ.

మందు కూడా తెలిసినదే. పండినవి పండినట్టు రెండు మూడు విడతలుగా కోయండి. గుజ్జు తీసే యంత్రం అందుబాటులో ఉంటే కోసిననాడే తీయండి. సిమెంటు కళ్ళంమీదగాని, టార్పాలిన్ మీదగాని పలుచగా ఆరబోసి తిరగవేస్తూ ఉండండి. పొద్దు వాలకముందే పోగుచేసి కప్పండి. తేమ సుమారు 10 శాతానికి దిగేదాకా బస్తాలో పోయకండి. ఆ బస్తాను పసుపు పక్కన, ఎరువు పక్కన, కిరసనాయిలు పక్కన పెట్టకండి. కాఫీ గింజ ఇరుగుపొరుగు వాసన ఇట్టే పట్టుకుంటుంది.

విడతలవారీగా కోయడానికి కూలి ఎక్కువవుతుంది, నిజమే. అందుకే ఆ రెండు గిన్నెలూ తాగి చూడమంటున్నాను. తేడా మీ నాలుకకే తెలిస్తే, ఆ శ్రమకు ఎంత ధర అడగాలో కూడా తెలుస్తుంది. నలుగురు కలిసి మేలురకం సరుకు వేరుగా ఉంచి, రెండుచోట్ల ధర కనుక్కున్నాకే అమ్మండి. సందేహాలుంటే చింతపల్లి దగ్గర ఆర్.వి. నగర్‌లో కాఫీ పరిశోధనా కేంద్రం ఉంది, కాఫీ బోర్డు ఉద్యోగులు ఉన్నారు, అడగండి.

కాఫీలో పాలెన్ని, తీపి ఎంత అన్నది తాగేవాడి ఇష్టం. దానికి మనం అడ్డుచెప్పలేం. గింజలో మట్టి వాసన లేకుండా చూడడం మాత్రం మన చేతిలో పని. ఈ ఏడు కోతలో మొదటి దోసెడు అమ్మకుండా ఇంటికి ఉంచండి. ఇంటిల్లిపాదీ తాగండి, ఎవరికి నచ్చినట్టు వారు.