మెలకువలోనే చేతికి చికిత్స



పలక పట్టిన నాటి నుండి మనిషికి చేయే ఆధారం. అట్టి చేతికి శస్త్రచికిత్స అవసరమన్నప్పుడు ఇంటిల్లిపాదినీ కలవరపెట్టేది కత్తి కన్న మత్తు. ‘నిద్రపుచ్చితే తిరిగి లేస్తాడా?’ అన్న భయంతో ఆలస్యం చేసేవారు ఉన్నారు. తెగిన స్నాయువుకు ఆ ఆలస్యమే చేటు. నిజానికి చేతి చికిత్సకు పలు సందర్భాలలో మనిషినంతటినీ నిద్రపుచ్చనక్కరలేదు. బాధను మెదడుకు చేరవేసే నాడులను కొంతసేపు అడ్డగిస్తే చాలును.

1884లో కార్ల్ కోలర్ వియన్నాలో కొకైన్‌తో కంటికి స్పర్శ లేకుండా చేయవచ్చునని చూపించాడు. వెనువెంటనే అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ ఆ మందును నాడుల వద్దనే ప్రయోగించాడు. ఆ ప్రయోగాలలో తానే దానికి బానిసయ్యాడు. 1943లో స్వీడన్‌లో రూపొందిన లిడోకెయిన్ నేటికీ వాడుకలో ఉన్నది.

మెడ వద్ద వెన్నుపాము నుండి వెలువడే ఐదు నాడీమూలాలు జడవలె అల్లుకొని చేతిలోనికి దిగుతాయి. వాటిని ఎక్కడ అడ్డగించాలన్నది చికిత్స జరిగే చోటును బట్టి ఉంటుంది. ఒక్క వేలికైతే వేలి మొదట్లో సూది చాలును. అరచేతికైతే మణికట్టు వద్ద మూడు నాడులకు మందు ఇస్తారు. రక్తం ఆపేందుకు దండచేతికి పట్టీని ఎక్కువసేపు బిగించవలసినప్పుడు ఇది చాలదు. చంకలోనో, జత్రుక వద్దనో మొత్తం అల్లికకే మందు ఇవ్వాలి. జత్రుక వెనుకనే ఊపిరితిత్తి ఉన్నందున నేడు అల్ట్రాసౌండ్ తెరపై సూదిని చూస్తూ ఇస్తున్నారు. చిన్న చికిత్సలకు పట్టీ బిగించి సిరలోనికి మందు ఎక్కించే పద్ధతిని ఆగస్ట్ బియర్ 1908లో ప్రకటించాడు.

కెనడా వైద్యుడు డొనాల్డ్ లాలాండ్ ప్రచారంలోనికి తెచ్చిన పద్ధతిలో పట్టీయే ఉండదు. లిడోకెయిన్‌తో కలిపిన అడ్రినలిన్ రక్తస్రావాన్ని తగ్గిస్తుంది. స్నాయువును కుట్టిన వెంటనే రోగి వేళ్ళు కదుపుతాడు. కుట్టు నిలిచినదో లేదో వైద్యుడు అప్పుడే చూసుకొంటాడు.

అయితే ఇవి అందరికీ తగినవి కావు. పసిపిల్లలకు తరచుగా పూర్తి మత్తే కావాలి. రక్తం పలుచబరచే మందులు వాడుతున్నా, ఏదైనా మందు పడకున్నా ముందే చెప్పాలి. మొద్దుబారిన చేతికి వేడి తెలియదు. స్పర్శ వచ్చేవరకు దానిని పొయ్యికి, వేడి పాత్రలకు దూరంగా ఉంచాలి.

తరగతిలో ప్రశ్న అడిగిన బిడ్డను మెచ్చుకొనే తల్లిదండ్రులు ఆసుపత్రిలో మౌనం వహించరాదు. ‘ఏ మత్తు, ఎందుకు, ఎంతసేపు?’ అని అడగడం రోగి హక్కు. తెలిసిన చోట భయం నిలువదు.