చిట్టి లాప్‌టాప్ - గట్టి బేరం



మా అమ్మాయి కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయంలో బి.ఏ.లో చేరింది. లాప్‌టాప్ కావాలంది. చేతిలో ఉన్నది చీటీ ఎత్తిన పాతికవేలు. "అందులో వచ్చేది ఆటబొమ్మే. ఇంకొంచెం వేసి పెద్దది కొంటే కొట్టు లెక్కలకూ పనికొస్తుంది" అన్నారు మావారు. ఆ మాట తేల్చుకుందామని నేనే బజారుకు బయల్దేరాను.

చిన్న కంప్యూటర్ల మోజు కొత్తదేం కాదు. 2007లో తైవాన్‌కు చెందిన ఏసూస్ సంస్థ 'ఈ పీసీ' అనే బుల్లి యంత్రం తెచ్చింది. ఏడంగుళాల తెర, కిలోలోపు బరువు. 2011లో మన ప్రభుత్వం విద్యార్థుల కోసం 'ఆకాశ్' టాబ్లెట్ విడుదల చేసింది. వాటిని బిగించింది మన హైదరాబాదులోనే! ధర చూసి అందరూ సంబరపడ్డారు గాని, గట్టిగా నొక్కితేగాని ఆ తెర పలికేది కాదు. చవకైతే చాలదు, పనికి రావాలి గదా!

మొదట బరువు చూడండి. 2023 డిసెంబరు నుంచి చాలా సిటీ బస్సుల్లో మనకు చార్జీ లేదు. అందుచేత శాలిబండలో బస్సెక్కితే నిలబడే చోటే కష్టం. పదకొండున్నర అంగుళాల తెర ఉన్నది సుమారు కిలో, కిలోంబావు తూగుతుంది. పదిహేనంగుళాలది కిలోన్నర దాటుతుంది. పుస్తకాలు, టిఫిను డబ్బా, చార్జరు కూడా ఆ భుజం మీదే గదా! అయితే తెర మరీ చిన్నదైతే కళ్ళు లాగుతాయి. లాడ్‌బజారులో గాజులు చేతికి వేసుకుని చూడకుండా కొంటామా? అలాగే దుకాణంలోనే నాలుగు వాక్యాలు టైపు చేయించి చూడండి.

రెండోది నిలవచేసే చోటు. మా పక్కింటి వదినగారు 32 జీబీ విండోస్ యంత్రం చవకని కొన్నారు. విండోస్ తన సరంజామాతోనే సగానికి పైగా నింపేసింది. కొత్త అప్‌డేట్ వచ్చేసరికి చోటు చాల్లేదు! విండోస్‌దైతే కనీసం 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ అడగండి. చిన్నవాటిలో ర్యామ్ చాలావరకు అతికించే ఉంటుంది, తర్వాత పెంచుకోవడం కుదరదు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాతవి చవగ్గా దొరుకుతాయంటారు. నిజమే. కాని విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత యంత్రాలు చాలావాటికి విండోస్ 11 పట్టదు. ఆ సంగతి, బ్యాటరీ సంగతి రెండూ తేల్చుకున్నాకే డబ్బు తీయండి.

ఇక క్రోమ్‌బుక్. దానికి 4 జీబీ ర్యామ్‌తోనే మామూలు చదువు పనులు సాగిపోతాయి. వ్యాసాలు రాసుకోవచ్చు, పాఠాలు వినవచ్చు, తెలుగులో టైపు చేసుకోవచ్చు. ఇంటర్నెట్ లేకపోతే మాత్రం కొన్ని పనులు ఆగుతాయి. అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయో సెట్టింగుల్లోనే కనబడుతుంది; అడిగి చూపించుకోండి. పిల్లలది కంప్యూటర్ చదువైతే ఏ ప్రోగ్రాములు కావాలో ముందు మాష్టార్లను అడగాలి.

క్రోమ్‌బుక్‌కు ఇంకో లోటుంది. కొట్లో వాడే టాలీని విండోస్‌లో ఎక్కించినట్టు అందులో ఎక్కించలేం. మావారు అదే పట్టుకున్నారు. "మరి నాకెందుకు పనికొస్తుందది?" అన్నారు.

"మీకోసం కాదు గదండీ!" అన్నాను.

నిజం చెప్పొద్దూ, నాకు ఆ లోటే గుణంగా తోచింది. కొట్లోకి వెళ్ళిన యంత్రం మళ్ళీ పిల్ల చేతికి రాదు. పెళ్ళికి ముందు నేను కొనుక్కున్న కుట్టుమిషను అత్తవారింట ఎవరెవరికో ఉపయోగపడింది, నాకు తప్ప! అందుకే క్రోమ్‌బుకే కొన్నాం. జీఎస్టీ బిల్లు అమ్మాయి పేరునే రాయించాను. గ్యారంటీ కాగితం బీరువాలో దాచాను.

కనుక సోదరీమణులారా, ధర అడిగే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది ఎవరి చేతిలో ఉండాలి? ఆ జవాబు తెలిస్తే సగం బేరం కుదిరినట్టే.

సెలవు.